చెరువు చెప్పే చరిత్ర: కాకతీయుల గొలుసు చెరువులు, నేటి నగరాల వరదలు



మన సంఘం ప్రత్యేక సంచికకు ఏదైనా చరిత్ర విషయం వ్రాయవలసిందిగా కార్యదర్శిగారు కోరినారు. నేను చరిత్రకారుణ్ణి కాను. ముప్పై ఏడేండ్లు గుమాస్తాగా పహాణీలు, సేత్వార్లు, ఫైళ్ళు మోసినవాణ్ణి. డెబ్బై అయిదో ఏట కండ్లు మసకబారినా, ఆ రిజిస్టర్ల గడులు మాత్రం నేటికీ కండ్ల ముందే ఉన్నవి. వాటిలో ఒక గడిలో “శిఖం తలాబ్” అని వ్రాసి ఉండేది. చెరువులో నీళ్ళు నిలిచే భూమి అని దాని అర్థం. నా ఉద్యోగ జీవితంలో ఆ రెండు మాటలను కొన్ని వేల సార్లు నకలు వ్రాసి ఉంటాను. వాటి విలువ మాత్రం ఉద్యోగం ముగిసిన పన్నెండేండ్లకు, మోకాలి లోతు నీళ్ళలో నిలబడినప్పుడు తెలిసింది. ఆ సంగతి చెప్పే ముందు కొంచెం చరిత్ర మనవి చేస్తాను.

ఏరు లేని రాజధాని

మాది నెక్కొండ. 1889లో నిజాం రైలు మార్గం బెజవాడ దాకా పూర్తయినప్పటి నుంచి మా వైపు ఊళ్ళు రైలు కూతతో పొద్దు లెక్క పెట్టుకున్నవి. కానీ బ్రతుకు లెక్క మాత్రం చెరువుతోనే. చెరువు నిండిందంటే వానాకాలం నాట్లు, యాసంగి మీద ఆశ, బావుల్లో ఊట, చేపలు, బతుకమ్మ నిమజ్జనం అన్నీ ఉన్నట్లే. చెరువు ఎండిందంటే మగవాళ్ళు సంచి పట్టుకొని అదే రైలు ఎక్కవలసిందే.

ఇది ఇవాళ్టి సంగతి కాదు. ఓరుగల్లు పక్కన గోదావరి లేదు, కృష్ణా లేదు. ఆ రెండు నదుల పరీవాహక ప్రాంతాల నడుమ ఎత్తు మీద ఉన్నది ఆ నగరం. అక్కడ పడిన వాన కొంత గోదావరి వైపు, కొంత కృష్ణ వైపు జారిపోతుంది. అటువంటి చోట రాజధాని కట్టుకున్న కాకతీయులకు ఒకటే దారి మిగిలింది. పడిన వానను పడిన చోటనే పట్టి ఉంచడం.

గణపతిదేవుడు 1199 నుంచి 1262 వరకు పాలించినాడు. ఆయన కాలంలోనే, 1213 ప్రాంతంలో, నర్సంపేట దగ్గర పాఖాల చెరువు వెలసింది. దానిని జగదాల ముమ్మడి నాయకుడు కట్టించినట్లు శాసనం. రెండు గుట్టల నడుమ కట్ట పోసి, అడవి వాననంతా ఒక చోట నిలిపినారు. రేచర్ల రుద్రుడు పాలంపేటలో రామప్ప గుడి కట్టించినదీ 1213లోనే. 2021లో యునెస్కో ఆ గుడిని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. గుడిని చూడవచ్చిన వాళ్ళలో ఎందరు పక్కనున్న రామప్ప చెరువు కట్ట మీద కాసేపు నిలబడతారో గాని, ఎనిమిది వందల ఏండ్లుగా పొలాలకు నీళ్ళిస్తూ ఇప్పటికీ ఉద్యోగంలో ఉన్నది ఆ చెరువే. దానికి రిటైర్మెంటు లేదు. లక్నవరం, ఘనపురం చెరువులు కూడా ఆ కాలపువే. బయ్యారం చెరువును గణపతిదేవుని సోదరి మైలాంబ త్రవ్వించి ధర్మకీర్తి సముద్రమని పేరు పెట్టింది. ఆ చెరువు శాసనమే నేడు కాకతీయుల వంశక్రమానికి ముఖ్యమైన ఆధారాలలో ఒకటి. రాజుల పేర్లు మనకు దక్కింది కూడా చెరువు పుణ్యమాని అన్న మాట!

పెద్దలు సప్త సంతానాలని చెప్పేవారు. కన్నకొడుకు, గుడి, వనం, అగ్రహారం, కావ్యం, నిధి, చెరువు. కొడుకుతో సమానంగా చెరువును లెక్కించినారు. కొడుకును కని వదిలివేయం కదా, చెరువును కూడా కట్టి వదిలివేయలేదు. కట్టించినవానికి, బాగోగులు చూసినవానికి దశబంధ మాన్యాలు ఇచ్చినారు. తూము తెరవడానికి, మూయడానికి నీరటివాడు ఉండేవాడు. నా చిన్నతనంలో మా ఊళ్ళో నీరటి తాత వానరాత్రి గొంగడి కప్పుకొని, కందీలు పట్టుకొని కట్ట మీద తిరుగుతుంటే ఊరంతా నిశ్చింతగా పడుకునేది. ఎక్కడ ఎలుక బొక్క పెట్టిందో, ఎక్కడ కట్ట చెమరుస్తున్నదో ఆయనకు అరికాలితో తెలిసేది.

గొలుసు ఎట్లా పని చేస్తుంది

నేటి పిల్లలకు గొలుసుకట్టు చెరువులంటే తెలియదు గనుక నాలుగు మాటలు. ఎగువన చిన్న కుంట. అది నిండితే మత్తడి దూకి, కాలువ వెంట క్రింది చెరువులోకి పోతుంది. అది నిండితే ఇంకా క్రింది పెద్ద చెరువుకు. చివరకు వాగులో, ఏరులో కలుస్తుంది. ప్రతి కుంటా వరద వేగాన్ని కొంత ఆపుతుంది, కొంత నీటిని నేలకు త్రాగిస్తుంది, కొట్టుకొచ్చిన ఒండ్రును కూర్చోబెడుతుంది. ఎండాకాలంలో ఆ ఒండ్రునే రైతులు బండ్లకెత్తి పొలాలకు తోలుకునేవారు. చెరువుకు లోతు, పొలానికి సత్తువ. ఒక్క గంటలో పడిన వాన క్రింది ఊరికి చేరడానికి రోజులు పట్టేది.

ఇప్పుడు నిపుణులు “ప్రకృతి ఆధారిత పరిష్కారాలు” అనే మాట వాడుతున్నారు. భూమి వేడెక్కి వానలు, ఎండలు అదుపు తప్పుతున్న కాలంలో నగరాలను కాపాడుకోవడానికి సిమెంటు గోడలు, పైపులు మాత్రమే చాలవనీ, చెరువులు, చిత్తడి నేలలు, చెట్లు, ఏటి ఒడ్లు కూడా పని చేయాలనీ వారి సారాంశం. గాలి ఒక డిగ్రీ వేడెక్కితే దాదాపు 7 శాతం ఎక్కువ తేమను పట్టుకోగలదట. అందుకే వచ్చిన వాన ఒక్కసారిగా కుమ్మరించినట్లు పడుతున్నది. పేరు కొత్తది గాని, ఆ పనిలో ముఖ్య భాగం మన కాకతీయుల నాటిదే.

ఆరవ దోషం

కడప వైపు పోరుమామిళ్ళలో 1369 నాటి శాసనం ఒకటున్నది. విజయనగర రాజు మొదటి బుక్కరాయల కుమారుడు భాస్కర భవదూరుడు చెరువు కట్టించి వేయించినది. మంచి చెరువుకు ఉండవలసిన పన్నెండు అంగాలు, ఉండకూడని ఆరు దోషాలు అందులో చెప్పినారు. వెయ్యి మంది కూలీలు, నూరు బండ్లు, రెండేండ్లు పట్టిందని లెక్క కూడా వ్రాసినారు. గుమాస్తాగా నాకు ఆ లెక్క చదివి ముచ్చట వేసింది.

ఆ ఆరు దోషాలలో కట్ట చెమర్చడం ఒకటి, చవుడు నేల ఒకటి, రెండు రాజ్యాల సరిహద్దున చెరువు ఉండడం ఒకటి. చిట్టచివరిది, స్థలం తక్కువై నీళ్ళు ఎక్కువ కావడం. దీనిని రెండు మూడు సార్లు చదివినాను. పూర్వం ఈ దోషం చెరువు కట్టేవాని తెలివితక్కువతనం వల్ల రావలె. నేడు అన్ని అంగాలతో కట్టిన చెరువుకే ఈ దోషాన్ని మనం తెచ్చిపెడుతున్నాము. చెరువు వంద ఎకరాలైతే ముప్పై ఎకరాలు ప్లాట్లు చేస్తాము. కాలువను ఇరవై అడుగుల నుంచి నాలుగు అడుగులకు కుదిస్తాము. పై నుంచి వచ్చే నీళ్ళు మాత్రం తగ్గవు, పైగా పెరుగుతున్నవి. ఇదే ఆరవ దోషం.

నేను వ్రాసిన నోటు

ఇక నా సంగతి. చాలా ఏండ్ల క్రిందట ఒక పట్టణంలోని కార్యాలయంలో పని చేస్తుండగా ఒక ఫైలు నా బల్ల మీదికి వచ్చింది. చెరువును ఆనుకొని ఉన్న భూమిలో ఇండ్ల స్థలాల వ్యవహారం. పాత రికార్డులో కొంత భాగం శిఖం అని స్పష్టంగా ఉన్నది. “పది సంవత్సరములుగా సదరు స్థలములో నీరు నిలుచుట లేదు” అని నోటు పెట్టుమన్నారు. పెట్టినాను. అది అబద్ధం కాదు. నిజంగానే నీరు నిలవడం లేదు. ఎందుకు నిలవడం లేదంటే ఎగువన కాలువ పూడిపోయింది గనుక. ఆ సంగతి నాకు తెలుసు. నోటులో వ్రాయలేదు. ఎవరూ అడగలేదు.

2008లో రిటైరైనాను. గ్రాట్యుటీ, కమ్యుటేషన్ డబ్బు కలిపి హనుమకొండలో రెండు వందల గజాల స్థలం కొని ఇల్లు కట్టుకున్నాము. మనలో చాలా మంది చేసిన పనే. జీవితమంతా ఇతరుల పహాణీలు చూసినవాణ్ణి, నా స్థలం పాత రికార్డు చూసుకోలేదు. రిజిస్ట్రేషన్ అయింది, ఇంటి నెంబరు వచ్చింది, కరెంటు మీటరు వచ్చింది. ఇంకేమి కావాలి అనుకున్నాను.

2020 ఆగస్టు నడిమి వారంలో ముసురు పట్టింది. నాలాలు పొంగి వరంగల్, హనుమకొండలలో ఎన్నో కాలనీలు మునిగినవి. తెల్లవారుజామున లేచి కాలు క్రింద పెడితే నీళ్ళు. మా ఇంటావిడ బియ్యం డబ్బా కూడా వదిలి, ముందు నా పీపీఓ పుస్తకం, పెన్షన్ కాగితాల సంచి తీసి అల్మారా పైన పెట్టింది. అయినా సగం తడిసినవి. కుర్చీలు తేలుతుంటే, ఆ తడి కాగితాలు చేతిలో పట్టుకొని నిలబడినాను. నాడు నేను వ్రాసిన నోటు నాకు జ్ఞాపకం వచ్చింది. ఆ స్థలాల్లో ఎవరెవరు ఇండ్లు కట్టుకున్నారో, వాళ్ళ ఇంట్లోకి ఎన్నిసార్లు నీళ్ళు వచ్చినవో నేనెన్నడూ విచారించలేదు.

నీళ్ళు తగ్గినాక పాత నక్షా నకలు తీయించినాను. మా వీధి ఉన్న చోట గీత ఒకటి పోతున్నది. ఒక చెరువు మత్తడి నీళ్ళు క్రిందికి పోయే కాలువ అది. నీళ్ళు మా ఇంట్లోకి రాలేదు, వాటి త్రోవలో అవి పోయినవి. త్రోవలో ఇల్లు కట్టుకున్నది మేము.

వరుసగా వచ్చిన వరదలు

ఒక్క ఏడు అయితే గ్రహచారం అనుకోవచ్చు. 2023 జూలై చివర మళ్ళీ వచ్చింది. ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో 649.8 మిల్లీమీటర్ల వాన పడింది. అంతకు ముందు రాష్ట్రంలో అంత వాన నమోదు కాలేదు. వరంగల్ నగరం మునిగింది. భద్రకాళి చెరువు కట్టకు పోతననగర్ వైపు గండి పడింది. కాకతీయుల చెరువు తెగిందని జనం గుండె బాదుకున్నారు.

తరువాత నేను నెక్కొండలోని పాత ఇంటికి వచ్చివేసినాను. 2024 ఆగస్టు 31 రాత్రి ఆ వాన ఇక్కడికీ వచ్చింది. మా మండలంలోనే ఆర్టీసీ బస్సొకటి వరదలో చిక్కి, ప్రయాణికులు రాత్రంతా బిక్కుబిక్కుమంటూ గడిపినారు. మా స్టేషన్ తరువాత ఇంటికన్నె, ఆపైన కేసముద్రం. ఆ రెండింటి మధ్య పట్టాల క్రింది మట్టిని, కంకరను వరద కోసుకొనిపోగా, పట్టాలు గాలిలో వ్రేలాడినవి. కొన్ని రోజులు రైళ్ళు లేవు. నా జన్మలో నెక్కొండ అంత నిశ్శబ్దంగా ఉండగా చూడలేదు. పాఖాల నుంచి పోయే వాగే క్రింద మున్నేరు అవుతుంది. ఆ మున్నేరు సెప్టెంబరు 1న ఖమ్మం పట్టణాన్ని ముంచింది. 2025 అక్టోబరు చివర మొంథా తుఫాను వానకు వరంగల్, హనుమకొండ కాలనీలు మరొకసారి మునిగినవి.

చెరువులే ముంచినవి కదా అంటే

ఇక్కడ ఒక ప్రశ్న. మా మనుమడు ఇంజనీరింగు చదివినాడు. “తాతా, చెరువులు తెగే కదా ఊళ్ళు మునిగింది! మళ్ళీ చెరువులే రక్ష అంటావేమి?” అన్నాడు. న్యాయమైన ప్రశ్న. దీనికి జవాబు హైదరాబాదు చరిత్రలో ఉన్నది.

1908 సెప్టెంబరు 28న మూసీ వరద వేలాది మందిని పొట్టన పెట్టుకున్నది. అఫ్జల్‌గంజ్‌లో ఒక చింతచెట్టు ఎక్కి నూట యాభై మంది దాకా బ్రతికినారు. ఆ చెట్టు నేటికీ ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఉన్నది. తరువాతి ఏడు నిజాం ప్రభుత్వం మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారిని పిలిపించింది. నదికి ఎగువన 788 చెరువులున్నవనీ, ఆ వానకు వాటిలో 221 తెగినవనీ ఆయన లెక్క తేల్చినారు. ఒకటి తెగితే దాని నీళ్ళు క్రింది దాని మీద పడతవి. గొలుసులో ఒక కొండి ఊడితే గొలుసంతా ఊడినట్లే. అందుకని చెరువులను పూడ్చివేయమని ఆయన చెప్పలేదు. వరదను ఎగువనే నిలపడానికి ఇంకా పెద్ద జలాశయాలు కట్టమన్నారు. 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ పూర్తయినవి. అవి వరదను ఆపినవి, త్రాగునీరూ ఇచ్చినవి. వాటి పరిసరాలను కాపాడడానికి 1996లో జీ.ఓ. 111 వచ్చింది. పది కిలోమీటర్ల లోపు, 84 గ్రామాలలో, కట్టడాలకు ఆంక్షలు పెట్టింది. 2022లో జీ.ఓ. 69తో ఆ ఆంక్షలను తొలగించినారు. జీ.ఓ.లతో జీవితం గడిపినవాణ్ణి గనుక ఒక మాట అంటాను. జీ.ఓ.ను జీ.ఓ.తో రద్దు చేయవచ్చును. వాగు వాలును రద్దు చేసే జీ.ఓ. ఇంతవరకు నేను చూడలేదు.

కాబట్టి మనుమనికి నేను చెప్పింది ఇదే. చెరువు తెగింది చెరువు అయినందుకు కాదు. పూడిక నిండి లోతు పోయింది, మత్తడి ఇరుకైంది, కాలువ మూసుకుపోయింది, కట్ట మీద తిరిగే నీరటి తాత లేడు. ప్రకృతికి అప్పగించడమంటే చేతులు ముడుచుకొని కూర్చోవడం కాదు. ఏటేటా చాకిరీ చేయవలసిన పని అది.

చేస్తే ఫలితం ఉండదా అంటే, ఉన్నది. 2015 మార్చిలో మొదలైన మిషన్ కాకతీయ క్రింద రాష్ట్రంలో 46,531 చెరువులు, కుంటలు లెక్కకు తేలినవి. వేల చెరువులలో పూడిక తీసినారు. మా వైపు రైతులు ఆ మట్టిని ట్రాక్టర్లతో చేలకు తోలుకుంటుంటే, నా చిన్ననాటి బండ్ల వరుస జ్ఞాపకం వచ్చింది. 2024 చివర భద్రకాళి చెరువును ఖాళీ చేసి పూడిక తీసే పని చేపట్టినారు. హైదరాబాదులో 2024 జూలైలో హైడ్రా ఏర్పడింది. అంబర్‌పేటలో పూడిపోయిన బతుకమ్మ కుంటను మళ్ళీ త్రవ్వి 2025 సెప్టెంబరులో ప్రారంభించినారు. అదే నగరంలో మాసబ్‌ట్యాంక్ ఉన్నది. మాసాహెబా పేరిట వెలసిన చెరువు అది. చెరువు పోయింది, పేరు బస్టాపుకు మిగిలింది. రెండు దారులూ మన కండ్ల ముందే ఉన్నవి.

విదేశాల వారూ ఈ పాఠమే నేర్చుకుంటున్నారు. 1993, 1995లలో వరదలు చూసిన హాలెండు వారు, కట్టలు ఎత్తు పెంచుకుంటూ పోవడం మాని, కొన్ని చోట్ల కట్టలను వెనుకకు జరిపి నదికి చోటు వదిలినారు. చైనా 2015 నుంచి కొన్ని నగరాలను “స్పంజు నగరాలు”గా మార్చే పని పెట్టుకున్నది. అయినా 2021 జూలైలో జెంగ్‌జౌ నగరంలో ఒక్క గంటలో 201.9 మిల్లీమీటర్లు కురిస్తే ఆ ఏర్పాటూ చాలలేదు. అంటే చెరువు ఉంటే వరదే రాదని కాదు. వచ్చే వరద తగ్గుతుంది, నిదానిస్తుంది, ప్రాణం దక్కించుకునే వ్యవధి ఇస్తుంది.

మనం చేయగలిగినది

పెన్షనర్లం, మన చేతిలో అధికారం లేదు. కానీ మన దగ్గర ఉన్నది మరెవరి దగ్గరా లేదు. ఏ కాలనీ క్రింద ఏ కుంట ఉండేదో, ఏ రోడ్డు క్రింద ఏ కాలువ పోయేదో మన తరానికే తెలుసు. మనం పోతే ఆ జ్ఞాపకం పోతుంది. అందుచేత నా విన్నపాలు మూడు.

మొదటిది, గ్రాట్యుటీ డబ్బుతోగాని, పిల్లల అప్పుతోగాని స్థలం కొనే ముందు రిజిస్ట్రేషన్ కాగితంతో తృప్తి పడవద్దు. పాత పహాణీ, గ్రామ నక్షా, చెరువు నిండు మట్టం చూడండి. ఊరి పేరులో కుంట, చెరువు, వాగు ఉంటే రెండుసార్లు చూడండి. దగ్గరలో ముసలివాళ్ళుంటే, “వానాకాలం ఇక్కడ నీళ్ళెటు పోయేవి?” అని అడగండి.

రెండవది, మీకు తెలిసిన చెరువులు, కుంటలు, కాలువల వివరాలు ఒక కాగితం మీద వ్రాసి సంఘానికి ఇవ్వండి. రెవెన్యూ, నీటిపారుదల, పంచాయతీరాజ్ శాఖలలో పని చేసినవారు మనలో ఎందరో ఉన్నారు. అందరివీ కలిపి ఒక నివేదికగా అధికారులకు సమర్పించవచ్చును. అర్జీ వ్రాయడం మనకు క్రొత్త విద్య కాదు.

మూడవది, మనుమలను, మనుమరాండ్రను ఒక్కసారి పాఖాల కట్ట మీదికి తీసుకొని పోండి. మత్తడి ఎక్కడ, తూము ఎక్కడ, నీళ్ళు ఎటు పోతవో చూపించండి.

నేను మొదటి పని చేయక నష్టపోయినాను. రెండవ పని ఈ వేసవిలో మొదలుపెట్టినాను. నా కాగితంలో మొట్టమొదటి వరుస, నాడు నోటు పెట్టిన ఆ చెరువుదే. “పది సంవత్సరములుగా నీరు నిలుచుట లేదు” అన్న వాక్యం క్రింద, నాడు వ్రాయవలసి ఉండి వ్రాయని వాక్యం వ్రాసినాను. “ఎగువ కాలువ పూడిపోయినందున నిలుచుట లేదు. కాలువ తెరిచినచో నిలుచును.”

పొరపాట్లు ఉంటే పెద్దలు మన్నించగలరు. సెలవు.